రొయ్యల బేరంలో మూగ ఫోను

“బందరు నిద్రపోతోంది మజీదూ! ఈ ఊరి మీద ఒక మహా కుట్ర పడగ విప్పింది. దాని కోరలు పీకగల మేధస్సు ఈ కృష్ణా జిల్లా మొత్తానికి ఒక్కటే ఉంది. ఆ మేధస్సు ఇప్పుడు నీ షాపు గుమ్మంలో నిలబడి ఉంది!”

ఈ ప్రకటన పూర్తిచేసి దుర్గాశ్రీనివాస్ దవడలు విరిగేలా ఆవులించాడు. నిజానికి బందరు ఎప్పుడో లేచి, టిఫిన్లు చేసి, కోనేరు సెంటర్లో ఆటోలతో కొట్లాడుకుని, మధ్యాహ్నం వంటల్లో పడింది. నిద్రలోంచి అప్పుడే బయటపడింది డిటెక్టివ్ గారొక్కరే.

“కుట్ర సంగతి తర్వాత చూద్దాంలే శీనూ. కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డొస్తున్నావు,” అన్నాడు మజీద్, చేతిలోని వైరు మీంచి కళ్ళెత్తకుండా.

“శీను కాదు. డిటెక్టివ్ అను.”

అక్క వీరదుర్గ గారింట్లో భోజనం, నడివేసవిలో కూడా విప్పని నల్లకోటు, ఒక భూతద్దం, జేబునిండా విజిటింగ్ కార్డులు. ఇవీ దుర్గాశ్రీనివాస్ ఆస్తిపాస్తులు. కార్డు మీద ‘రహస్య పరిశోధనలు, పెళ్ళి సంబంధాల ఆరాలు, తప్పిపోయిన గేదెలు’ అని అచ్చువేసి ఉంటుంది. వీటిలో ఇప్పటిదాకా తెమిలింది గేదె కేసు మాత్రమే. గూడూరులో ఎవరిదో గేదె కనపడకపోతే అతను ఊరంతా గాలించి, ఇద్దరు పెద్దమనుషుల్ని అనుమానించి తిట్లు తిని, చివరికి పాలు పిండే వేళకి అది తనంతట తనే ఇల్లు చేరుతుంటే దాని వెనకాల నడిచొచ్చాడు. ఆ రోజు నుంచీ అతను వెనక్కి తిరిగి చూసుకోలేదు.

మజీద్ అతనికి చిన్నప్పటి స్నేహితుడు. ఆ స్నేహంలో ప్రతిభంతా దుర్గాశ్రీనివాస్ తీసేసుకోగా మజీద్ వాటాకి ఓర్పు మిగిలింది. అయితే ఈసారి ఆ ఓర్పు కూడా అడుగంటుతోంది. కుట్ర ఎవరి మీద జరుగుతోందో ఏమో గానీ, అందులో మునిగేది మాత్రం తనే.

వీరదుర్గ గారిది చిలకలపూడి రోడ్డులో రొయ్యల ట్రేడింగ్ హాలు. తెల్లారేసరికి వరస బల్లల ముందు మనుషులు కూర్చుంటారు. దివిసీమ చెరువు గట్ల మీంచి రైతులు, గుడివాడ బ్రాంచి నుంచి గుమాస్తా, ఎగుమతి కంపెనీల వాళ్ళు, అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు. కిలోకి ఎన్ని తూగుతాయో అవతలివాళ్ళు చెప్పాలి, రేటెంతో ఇవతలివాళ్ళు చెప్పాలి, చెప్పిన మరుక్షణం చెరువులో వల పడాలి. మాట ఆలస్యమైతే ఆ సరుకు ఇంకొకరి లారీ ఎక్కేస్తుంది. సెల్‌ఫోన్లతో ఈ గోల పడలేక, ఒక మీట నొక్కితే ఒక ఊరు పలికేలా, మాటలన్నీ రికార్డయ్యేలా హాలంతటికీ ఒక ఫోన్ సిస్టమ్ పెట్టించాలని ఆవిడ నిశ్చయించారు.

చాలామంది వచ్చారు, పోయారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు హైదరాబాదు కంపెనీ తాలూకు అయ్యప్ప, మెడలో ట్యాగూ, చేతిలో ల్యాప్‌టాప్‌తో. రెండోవాడు మజీద్.

“మా సపోర్ట్ రాత్రీ పగలూ ఉంటుంది మేడమ్. మీరు టోల్ ఫ్రీకి కాల్ చేసి టికెట్ రెయిజ్ చేస్తే చాలు,” అన్నాడు అయ్యప్ప.

“టికెట్టు తీసుకుని ఎక్కడికి రావాలి బాబూ?” అనడిగారు వీరదుర్గ గారు.

“మీరెక్కడికీ రానక్కర్లేదు మేడమ్. ఆ టికెట్ మా లెవెల్ వన్‌కి వెళ్తుంది. వాళ్ళ వల్ల కాకపోతే లెవెల్ టూకి, అక్కడ్నించి…”

“ఈలోపు నా సరుకు కుళ్ళిపోదూ? సరే, మజీదూ, నీ సపోర్టేంటి?”

“ఫోన్ చేస్తే బండేసుకుని వచ్చేస్తానక్కా.”

ఆవిడ ఆలోచించి, ఇద్దరినీ వారం రోజులు పరీక్ష పెట్టారు. ఎడమ వరస బల్లల మీద మజీద్ ఫోన్లు, కుడి వరస మీద కంపెనీ ఫోన్లు. ఏవి బాగా పలికితే వాళ్ళకే హాలూ, గుడివాడ, అవనిగడ్డ బ్రాంచీలూ, ఏటేటా సపోర్టు కాంట్రాక్టూ. సెల్ రిపేర్ల షాపులు సందుకొకటి లేచాక మజీద్ షాపు ఈగలు తోలుకుంటోంది. ఈ కాంట్రాక్టు వస్తే షాపు నిలుస్తుంది, రాకపోతే షట్టరు దించి ఏ విజయవాడలోనో ఎవరి కిందో పనికి చేరాలి. అందుకే అతను ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. బేరగాళ్ళకి రెండు చేతులూ కాలిక్యులేటర్ మీదే ఉంటాయి కదా అని, చేత్తో ఎత్తి పట్టుకునే పనిలేని ఫోన్లు ఏరి తెచ్చాడు. కూర్చున్నచోటు నుంచి మాట్లాడితే చాలు, అవతలికి ఖంగుమని వినిపిస్తుంది.

తెచ్చిపెట్టిన రోజు ఖంగుమనే వినిపించింది. ఆ మర్నాటి నుంచే వచ్చింది తంటా. పొద్దున బేరాలు మొదలవ్వగానే ఎడమ వరస ఫోన్లు మూగబోతాయి. అవతలివాళ్ళ మాట ఇవతలికి వినపడుతుంది గానీ ఇవతలివాళ్ళు గొంతు చించుకున్నా అవతల చీమ చిటుక్కుమనదు. మధ్యాహ్నం మజీద్ పరుగున వచ్చి చూస్తే మాత్రం అవే ఫోన్లు చక్కగా పలుకుతాయి. వైర్లు మార్చాడు, బాక్సు మార్చాడు. అయినా మర్నాడు పొద్దున మళ్ళీ అంతే.

పోనీ పొద్దున్నే వచ్చి చూద్దామంటే అది ఆ హాల్లో కుదిరే పని కాదు. బోణీ బేరం మొదలు చివరి లారీ కదిలేదాకా అక్కడ స్క్రూడ్రైవరు కనపడకూడదు. బేరాల వేళ ఏ యంత్రాన్నైనా విప్పితే ఆ రోజు వ్యాపారం కూడా విప్పుకుపోతుందని వీరదుర్గ గారి నమ్మకం. కాటా పాడైనా సరే, పక్కవాళ్ళ కాటా తెచ్చుకుంటారు గానీ దాన్ని తెరవనివ్వరు.

“కాబట్టి, నేరస్థలానికి మనం వెళ్ళలేం,” అని దుర్గాశ్రీనివాస్ భూతద్దం తుడిచాడు. “అయితే ఏం? మాట బయల్దేరే చోటు చూడనివ్వకపోతే మాట చేరాల్సిన చోటుకి వెళ్దాం. బండి తియ్యి. రేపు పొద్దున్నే దివిసీమ!”

అతని నోటి నుంచి తెలివైన మాట రావడం మజీద్‌కి కొత్త. ఆ ఆశ్చర్యంలోనే సరేనన్నాడు.

మర్నాడు పులిగడ్డ వంతెన దాటి, అవనిగడ్డ మీదుగా హంసలదీవి దారిలో పోతురాజు చెరువుకి చేరారు. పోతురాజు ఏళ్ళ తరబడి వీరదుర్గ గారికే సరుకు వేస్తున్న రైతు. గట్టు మొదట్లో ఒక వెడల్పాటి బేసిన్లో ఊదారంగు నీళ్ళు పెట్టి ఉన్నాయి.

“అందులో కాళ్ళు ముంచి రండి బాబూ. పర్మాంగనేటు. బయట తెగుళ్ళు చెరువులోకి రాకుండా,” అన్నాడు పోతురాజు.

“ఆహా! డిటెక్టివ్ వస్తున్నాడని విషం కలిపి సిద్ధంగా ఉంచారన్నమాట!” అంటూ దుర్గాశ్రీనివాస్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు పక్కనే ఉన్న పర్మాంగనేటు సంచిలో పడింది. పైకి లాగబోయి రెండో కాలు కూడా అందులోనే పెట్టాడు. అతని కాన్వాస్ బూట్ల అడుగున నల్లటి పలుకులు గాడుల నిండా ఇరుక్కున్నాయి.

“నాకేం కాలేదు. విషానికి నేను లొంగను,” అని ప్రకటించాడు.

పోతురాజు ఫోన్ తీసి, బందరు హాల్లో బేరాలు చూసే రోజాకి కలిపి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. “అమ్మా, రోజమ్మా! పోతురాజునమ్మా! రేటెంతమ్మా?” అని గట్టు అదిరేలా అరిచాడు. కాసేపు విని, ఫోన్ మజీద్ చెవికి ఆనించాడు. లోపల ఎక్కడో దూరాన దోమ ఎగిరినట్టు ఏదో రొద, అంతే.

“చూశారా? రోజూ ఇంతేనండి. అమ్మగారు మా మీద అలిగారేమోనండి. పోయినసారి సరుకులో మెత్త రొయ్యలు కాసిని కలిశాయిలెండి. తిడితే పడేవోణ్ణి. ఇట్టా మాట్టాడకుండా ఊరుకుంటే మనసుకి కష్టంగా ఉంటదండి,” అన్నాడు పోతురాజు.

“అలగలేదు పోతురాజు గారూ, ఫోన్లు బాగోలేవు,” అన్నాడు మజీద్.

“అంటన్నారండి. ఎవరో మజీదంట, బందరోడంట. మూగ ఫోన్లు అంటగట్టి పోయాడంట. ఇయ్యాల కూడా పలక్కపోతే సరుకు ఇంకోళ్ళకి ఇచ్చేస్తాను, ఏం చెయ్యను మరి?”

ఆ మజీదు తనే అని చెప్పకుండానే మజీద్ బండి తీశాడు. తండ్రి నాటి నుంచి షాపు పేరు మీద ఒక్క మాట పడలేదు. ఇప్పుడు చెడ్డపేరు హంసలదీవి గట్ల దాకా పాకిపోయింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తిరుగు దారిలో వంతెన మధ్యలో ఉండగా వెనక సీటు మీంచి దుర్గాశ్రీనివాస్ గంభీరంగా అన్నాడు: “కేసు తేలిపోయింది. నేరస్థుడు ఇప్పుడు నా ముందు కూర్చుని బండి నడుపుతున్నాడు.”

బండి కృష్ణలోకి దూకబోయి ఆగింది.

“నేనా? నా ఫోన్లు నేనే పాడుచేసుకుంటానా?”

“ఆ ఫోన్ల గుట్టుమట్లు తెలిసిన మనిషి నువ్వొక్కడివే. నువ్వు వచ్చేసరికి అవి బాగైపోతున్నాయి. అంటే నిన్ను చూసి భయపడుతున్నాయన్నమాట.”

“నాకేంట్రా లాభం?”

“లాభం లేకపోవడమే నీ ఎత్తుగడ. ఎవరూ అనుమానించరు.” దుర్గాశ్రీనివాస్ నల్లకోటు సర్దుకున్నాడు. “స్నేహం వేరు, ధర్మం వేరు. రేపు అక్క నిర్ణయం చెప్పే ముందు అందరి ఎదుటా నీ ముసుగు తొలగిస్తాను. అన్నట్టు అవనిగడ్డలో టిఫిన్‌కి ఆపాల్సింది, మర్చిపోయావు.”

మర్నాడు పొద్దున జీవితంలో మొదటిసారి దుర్గాశ్రీనివాస్ బోణీ వేళకి హాల్లో ఉన్నాడు. అయ్యప్ప కాంట్రాక్టు కాగితాలు ఫైల్లో పెట్టుకుని కుడివైపు కుర్చీలో నవ్వుతూ కూర్చున్నాడు. మజీద్ పనిముట్ల సంచి గేటు బయటే వదిలి గుమ్మం పక్కన నిలబడ్డాడు. వీరదుర్గ గారు దేవుడి పటం ముందు దీపం వెలిగించి, హాలంతా ఒక చుట్టు తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఐసు నీళ్ళతో ఎప్పుడూ తడిగా ఉండే నేల మీద మనుషులు అటూ ఇటూ పరుగులు పెడుతున్నారు. ఎడమ వరస మొదటి బల్ల దగ్గర రోజా, “శోభనాద్రి గారూ, వినపడుతోందా?” అని గుడివాడ గుమాస్తాకి అరుస్తోంది. “ఎవరమ్మా? పలకరేంటి?” అని గుడివాడ తిరిగి అరుస్తోంది.

“ఇంక లాభం లేదు మజీదూ,” అన్నారు వీరదుర్గ గారు. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. “నీకే ఇద్దామని ఉండేది నాకు. కానీ రైతులు పోతున్నారు. నిన్న పోతురాజు కూడా వెళ్ళిపోయాడు.”

“ఆగక్కా!” దుర్గాశ్రీనివాస్ చెయ్యెత్తాడు. “తీర్పుకి ముందు సత్యం మాట్లాడాలి.” చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య పచార్లు చేస్తూ మొదలుపెట్టాడు. “ఈ హాల్లోకి రోజూ ఒక అదృశ్యహస్తం ప్రవేశిస్తోంది. అది జాడ వదలదు, చప్పుడు చెయ్యదు…”

అంటూ గిరుక్కున వెనక్కి తిరిగి, స్థాణువైపోయాడు. తడి నేల మీద వరసగా ఊదారంగు అడుగుజాడలు మెరుస్తున్నాయి.

“ఎవరూ కదలకండి! హంతకుడు ఇప్పుడే ఇటుగా వెళ్ళాడు!”

భూతద్దం తీసి, మోకాళ్ళ మీద కూలబడి జాడల వెంట పాకడం మొదలుపెట్టాడు. వంగినప్పుడల్లా బూటు నేలకి రాసుకుని కొత్త జాడ పడుతోంది. “ఒక్కడు కాదు, ముఠా! పెరిగిపోతున్నారు!”

“శీనూ, అవి నీ బూట్లేరా,” అన్నాడు మజీద్.

“దోషి ఎప్పుడూ పరిశోధకుణ్ణే దోషి అంటాడు.” అతను జాడల్ని పట్టుకుని రోజా బల్ల కిందికి దూరాడు. లోపల చీకట్లో ఏదో మెత్తగా తగిలింది. అది రోజా కాలు. ఆ పిల్ల కెవ్వుమంది. డిటెక్టివ్ గారు అదిరిపడి నిటారుగా లేచారు. నెత్తి బల్లకి ఫట్‌మని కొట్టుకుంది. బల్ల మీది మంచినీళ్ళ సీసా ఎగిరి, బోర్లా పడి, గడగడా ఫోన్ మీద ఖాళీ అయిపోయింది.

“చచ్చాన్రా బాబోయ్! నా బుర్ర పగిలింది!” అని బల్ల కింది నుంచి కేక.

మజీద్ ఫోన్ వైపు పరిగెత్తాడు. రోజా గబగబా చున్నీతో ఫోన్ తుడిచింది.

“ఎవరండీ అది?” అన్నాడు ఫోన్లోంచి శోభనాద్రి, హాలంతా వినపడేలా. “బుర్ర ఎవరిది పగిలిందీ? బందర్లో గొడవేంటి?”

బల్లల దగ్గరి తలలన్నీ ఇటు తిరిగాయి.

“శోభనాద్రి గారూ, నా మాట వినపడుతోందా?” అంది రోజా నెమ్మదిగా.

“లక్షణంగా! ఇన్నాళ్ళూ ఏమైపోయావమ్మా?”

రోజా చున్నీ వంక చూసుకుంది. ఎర్రటి మరక. తర్వాత పక్కబల్ల మీది ఫోన్ వంక చూసింది. ఆ ఫోన్ ముఖాన రెండు చిన్న దీపాలు కళ్ళలా ఉంటాయి. వాటికి సరిగ్గా నడుమ ఒక బుల్లి చిల్లు ఉంటుంది. మాట లోపలికి వెళ్ళేది అందులోంచే. ఇప్పుడు ఆ చిల్లు మీద నిండుగా గంధం, గంధం మీద కుంకుమ బొట్టు. రోజా దాన్ని కూడా తుడిచింది. ఆ ఫోన్ కూడా పలికింది.

అప్పుడు అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. పెళ్ళైన కొత్తలో వీరదుర్గ గారికి అత్తగారు నేర్పిన పని అది. బోణీకి ముందు కాటాకి, గల్లాపెట్టెకి, కాలిక్యులేటర్లకి ఎవరి చేతా పెట్టించకుండా తన చేత్తోనే బొట్టు పెడతారావిడ. ఫోన్లు వచ్చాక వాటికీ పెట్టారు. కళ్ళున్నాయి కాబట్టి మధ్యలో నుదురే కదా. కంపెనీ ఫోన్లకి మైకు కొంగమెడలా పైకి లేచి ఉండబట్టి వాటి బొట్టు వాటి మానాన ఉంది. మధ్యాహ్నం ఈగల బాధకి రోజా బల్లలన్నీ, వాటి మీది ఫోన్లతో సహా, తడిగుడ్డ పెట్టి తుడిచేసరికి మజీద్ ఫోన్లకి మళ్ళీ మాట వచ్చేది. రోజూ అందరూ చూస్తున్న బొట్టే. బొట్టుని ఎవరనుమానిస్తారు?

ఇప్పుడు అందరూ ఫ్యాన్ వైపో, గోడ గడియారం వైపో చూస్తున్నారు. వీరదుర్గ గారు వేలికంటిన కుంకుమ వంక చూసుకున్నారు.

దుర్గాశ్రీనివాస్ నెత్తి తడుముకుంటూ బయటికొచ్చి చున్నీ చూశాడు. “రక్తం!” అని, వాసన చూశాడు. “చందనం! హంతకుడు సువాసనల ప్రియుడు. మన రైతుల్ని తరిమేసింది ఈ చెయ్యే. ఎవరిదీ చెయ్యి? చెప్పండి! ఆ ద్రోహిని మెడపట్టి గెంటేదాకా ఈ నల్లకోటు విప్పను!”

ఎవరూ చెప్పలేదు. తెల్లారి లేవడం ఎరగని ఆ మనిషికి తప్ప ఆ చెయ్యి ఎవరిదో తెలియనివాళ్ళు లేరక్కడ.

అయ్యప్ప గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, ఏమనుకోకండి. దీన్ని మేం యూజర్ మిస్టేక్ అంటాం. అంటే తప్పు కస్టమర్‌ది. ఇలాంటివి మా వారంటీలోకి రావు. అది ముందే చెప్పడం నా బాధ్యత.”

అతను చెప్పింది అక్షరాలా నిజం. వీరదుర్గ గారి కళ్ళు నేల మీదకి వాలిపోయాయి.

మజీద్ వారం రోజులుగా ఒక్క మాట కోసం ప్రాణం పెట్టుకుని ఉన్నాడు. ‘తప్పు నీది కాదు’ అని ఎవరైనా అంటారేమోనని. ఇప్పుడా మాట ఎవరూ అనకుండానే హాలంతటికీ తెలిసిపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఆవిడ మొహం చూస్తే అతనికి ఆ హాయి నిలవలేదు.

“తప్పు నాదేనక్కా,” అన్నాడు. “కొత్త వస్తువు పెట్టినవాణ్ణి, ఎక్కడ బొట్టు పెట్టుకోవాలో చూపించి వెళ్ళాలా వద్దా? ఆ మాత్రం చెప్పకుండా పోయాను. ఇన్ని ఇళ్ళలో ఇన్ని ఫోన్లు పెట్టినవాడికి బుద్ధుండాలి.”

వీరదుర్గ గారు తలెత్తారు. అతని వంక చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఆవిడ వాటిని రానివ్వలేదు.

“అవునురా, చెప్పాల్సింది,” అన్నారు. “ఇప్పుడు చెప్పు. నుదురు ఎక్కడ దీనికి?”

“ఇదుగోనక్కా, ఈ పైన. దీపాలకి పైన.”

“సరే. కుడి వరస కూడా నీవే పెట్టెయ్. రోజా, పోతురాజుకి కలుపు, నేనే మాట్లాడతాను. అయ్యప్పా, మజ్జిగ తాగి వెళ్ళు నాయనా, ఎండగా ఉంది.”

బయటికొచ్చాక మజీద్ పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుంటుంటే దుర్గాశ్రీనివాస్ దగ్గరికొచ్చాడు. నెత్తి మీద బొప్పి కట్టింది, కళ్ళు చెమర్చాయి.

“నేను ముందే చెప్పాను, నువ్వేనని. నా ఎదుటే నేరం ఒప్పుకున్నావు. ఎందుకు చేశావు మజీదూ?”

మజీద్ అతని బొప్పి వంక జాలిగా చూశాడు. “బుద్ధి గడ్డి తిన్నది డిటెక్టివ్ గారూ.”

“స్నేహితుడివి కాబట్టి వదిలేస్తున్నాను. కానీ లోకానికి తెలియాలి.”

అన్నట్టే తెలియజేశాడు. మధ్యాహ్నానికల్లా బందరు, గుడివాడ, అవనిగడ్డల్లోని ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ మజీద్ ఫొటో, దాని కింద ‘ఫోన్లు మూగబోయిన కేసులో దోషి ఇతడే. తప్పు తనదేనని నిండు సభలో ఒప్పుకున్నాడు. ఛేదించినది: డిటెక్టివ్ దుర్గాశ్రీనివాస్’ అని.

అది చూసి మజీద్ తల పట్టుకున్నాడు. కాంట్రాక్టు దక్కింది గానీ పేరు ఇప్పుడు పూర్తిగా పోయిందనుకున్నాడు. సాయంత్రం షాపు కట్టేద్దామని లేస్తుండగా ఫోన్ మోగింది. గుడివాడ శోభనాద్రి.

“ఏమయ్యా మజీదూ, మా బజార్లో బియ్యం షావుకార్లు నీ నంబరు అడుగుతున్నారు, ఇవ్వమంటావా?”

“ఎందుకండీ, తిట్టడానికా?”

“కాదయ్యా బాబూ. వాళ్ళూ ఇన్నాళ్ళుగా ఫోన్లూ, కంప్యూటర్లూ పెట్టించుకుంటున్నారు. పెట్టినోడు ‘తప్పు నాదే’ అనడం ఎప్పుడూ వినలేదంట. అలాంటోడు నిజంగా ఉంటే, రేపే బండేసుకుని రమ్మంటున్నారు.”